రాబిట్‌ఎంక్యూ 4.0కి మారాక ఎర్రర్ ఒక్కటీ రాలేదు, నోడ్ ఆపితే మాత్రం 13 క్యూలు మాయం

రాత్రిషిఫ్ట్ అడిగిన ప్రశ్న

నమస్తే అండి. మాది రాబిట్‌ఎంక్యూ (ప్రోగ్రామ్‌ల మధ్య మెసేజ్‌లు చేరవేసే సర్వర్) మూడు నోడ్ల క్లస్టర్, అంటే కలిసి పనిచేసే మూడు సర్వర్లు. ప్రొడక్షన్ ఇంకా 3.13 మీదే ఉంది. మెసేజ్‌లు వరుసలో ఆగే క్యూలు మొత్తం 41, అన్నీ క్లాసిక్ అనే పాత రకం. పాత హెచ్‌ఏ (హై అవైలబిలిటీ) పాలసీ ఒకటి పెట్టి అన్నిటినీ మిర్రర్ చేశారు, అంటే ప్రతి క్యూకి మిగతా నోడ్ల మీదా కాపీలు. ఆ పాలసీ రాసినాయన ఎప్పుడో వెళ్లిపోయాడు. ఆయన నాకు అప్పగించింది అడ్మిన్ పాస్‌వర్డ్, "దీన్ని కదిలించకు" అనే మాట, అంతే.

పోయిన వారం టెస్ట్ క్లస్టర్‌ను 4.0కి తీసుకెళ్లాను. ఫీచర్ ఫ్లాగ్‌లన్నీ (కొత్త సదుపాయాల స్విచ్‌లు) ముందే ఆన్ చేసి, ఒక్కో నోడ్ ఆపి, మార్చి, లేపాను. లాగ్‌లో ఎర్రర్ అన్నదే లేదు. పబ్లిషర్లు పంపుతున్నాయి, కన్స్యూమర్లు తీసుకుంటున్నాయి. ఇంతోటి దానికా ఇన్నాళ్లు భయపడ్డాను అనుకున్నాను.

శుక్రవారం సాయంత్రం ఎందుకైనా మంచిదని రెండో నోడ్ ఆపి చూశాను. దెబ్బకి 13 క్యూలు పోయాయి. కన్స్యూమర్ లాగ్ నిండా ఒకటే పాట: 404, నాట్ ఫౌండ్, ఈ డ్యూరబుల్ క్యూ హోమ్ నోడ్ డౌన్‌లో ఉంది లేదా అందడం లేదు. నోడ్ లేపగానే మెసేజ్‌లతో సహా అన్నీ మళ్లీ ప్రత్యక్షం.

అప్పుడు కన్సోల్ తీరిగ్గా చూశాను. క్యూల పేజీలో నోడ్ పేరు పక్కన చిన్నగా "+2" (ఇంకో రెండు కాపీలు) అని ఉండేది కదా, అది లేదు. పాలసీల పేజీలో హెచ్‌ఏ పాలసీ మాత్రం ఏమీ ఎరగనట్టు అలాగే కూర్చుని ఉంది. నాలుగేళ్లు రోజూ చూసిన +2 పోతే వారం రోజులు నా కంటికి ఆనలేదు!

ఇప్పుడు అన్నిటినీ కోరమ్ క్యూలు (పలు నోడ్ల మీద కాపీలుండే కొత్త రకం) చేయాలి. ఉన్న క్యూ టైప్‌ను అక్కడికక్కడే మార్చే దారి ఉందా? ఇంకోటి, ఒక క్యూలో 10 స్థాయిల ప్రయారిటీ పెట్టారు. నా టెన్షన్ అంతా దాని గురించే.

---

పాతకాపు

అక్కడికక్కడే మార్చే దారి లేదండి. టైప్ అనేది క్యూ పుట్టినప్పుడే ఖాయం.

మిర్రరింగ్‌ను 4.0లో పూర్తిగా తీసేశారు. తీసేస్తామని 2021 నుంచీ చెబుతూనే ఉన్నారు. పాలసీలో హెచ్‌ఏ కీలు ఉన్నా వాటిని పట్టించుకోదు, క్యూ ఒకే నోడ్ మీద ఒకే కాపీతో నడుస్తుంది. మీకు ఎర్రర్ రాకపోవడానికి కారణం అదే. పోయిందని బాధపడాల్సిన ఫీచర్ కూడా కాదు. మిర్రర్ ఉన్న నోడ్ ఒకసారి పడి లేస్తే తన దగ్గరున్నదంతా పారేసి మొదటి నుంచి కాపీ చేసుకునేది, ఆ కాపీ అయ్యేదాకా క్యూ కదిలేది కాదు. లక్షల మెసేజ్‌లు పేరుకున్న క్యూ ముందు కూర్చుని ఎదురుచూసిన రాత్రులు నాకున్నాయి. కోరమ్ క్యూ రాఫ్ట్ (నోడ్లలో మెజారిటీ ఒప్పుకుంటేనే ముందుకెళ్లే పద్ధతి) మీద నడుస్తుంది కాబట్టి లేచిన నోడ్ తాను మిస్సయిన భాగం మాత్రమే తెచ్చుకుంటుంది.

ప్రొడక్షన్ 3.13లో ఉండగానే ఈ పని ముగించండి. కోరమ్ క్యూలు 3.8 నుంచీ ఉన్నాయి, 4.0 కోసం ఆగక్కర్లేదు. కొత్త వీహోస్ట్ (అదే క్లస్టర్‌లో వేరుగా ఉండే అర లాంటిది) తెరిచి దాని డిఫాల్ట్ క్యూ టైప్ కోరమ్ అని పెట్టండి. పాత డెఫినిషన్లు (క్యూలు, పాలసీల వివరాలు) ఎక్స్‌పోర్ట్ చేసి, హెచ్‌ఏ కీలు పీకేసి, అందులోకి ఎక్కించండి. తర్వాత ముందు కన్స్యూమర్లను కొత్త వైపుకి జరపండి, పాత వైపు మిగిలిన మెసేజ్‌లను షవల్‌తో (ఒక క్యూ నుంచి ఇంకోదానికి మెసేజ్‌లు మోసే ప్లగిన్) తోడి పోయండి, పబ్లిషర్లను చివర్లో. ఆ కాసేపు మెసేజ్‌ల వరుస తప్పొచ్చు. వరుస ముఖ్యమైన క్యూలుంటే వాటి పబ్లిషర్లను ఆపి, పాత క్యూ ఖాళీ అయ్యాక మార్చండి.

మూడు నోడ్లలో ఎప్పుడూ రెండు బతికి ఉండాలి. ఒకటి పూర్తిగా లేచి కలిశాకే రెండోదాన్ని ముట్టుకోండి.

---

మళ్లీక్యూలోకి

అందరూ మిర్రరింగ్ గురించే మాట్లాడతారు కానీ మమ్మల్ని ముంచింది 20.

4.0లో కోరమ్ క్యూకి డెలివరీ లిమిట్ డిఫాల్ట్‌గా 20. ఒక మెసేజ్ అన్నిసార్లు తిరిగి క్యూలోకి వస్తే దాన్ని డెడ్ లెటర్ చేస్తుంది, అంటే పక్కకు పంపేస్తుంది. అలాంటి వాటిని అందుకునే డెడ్ లెటర్ ఎక్స్ఛేంజ్ పెట్టలేదా, పారేస్తుంది. 3.13లో ఈ పరిమితి మనం పెడితేనే ఉండేది.

మా డేటాబేస్ ఒకరోజు 40 సెకన్లు పడుకుంది. మా కన్స్యూమర్ తెలివి ఏమిటంటే, ఫెయిలైన మెసేజ్‌ను క్షణం ఆగకుండా వెనక్కి నెట్టేయడం. అలా 20 సార్లు తిరగడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి? డేటాబేస్ లేచేసరికి క్యూ శుభ్రంగా ఖాళీ. డ్యాష్‌బోర్డ్ చూసి "భలే, పని త్వరగా అయిపోయిందే" అన్నాడు మా కుర్రాడు. నేనూ నవ్వాను, రెండు నిమిషాలు.

తప్పు మాదే, రిలీజ్ నోట్స్‌లో ఉంది. ముందు ప్రతి క్యూకి డెడ్ లెటర్ ఎక్స్ఛేంజ్ ఉందో లేదో చూసుకోండి. పాలసీలో లిమిట్ -1 అని పెడితే పాత పద్ధతి వస్తుంది, కానీ చెడ్డ మెసేజ్ ఒకటి దొరికితే అది రాత్రంతా గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. మేం లిమిట్ ఉంచేసి, వెనక్కి పంపే ముందు ఆగే సమయం పెంచుకుంటూ పోయేలా కోడ్ మార్చాం.

ప్రయారిటీ సంగతి: 4.0 కోరమ్ క్యూలో ఉన్నవి రెండే స్థాయిలు. 0 నుంచి 4 వరకు మామూలు, 5 నుంచి పైన ఎక్కువ. రెండూ ఉన్నప్పుడు ఎక్కువవి రెండిస్తే మామూలుది ఒకటిస్తుంది, కాబట్టి కిందివి పస్తుండవు. నిజంగా పది మెట్లూ కావాలంటే మెట్టుకో క్యూ పెట్టుకోవాలి.

---

పాతకాపు

మరిచిపోయాను. మెసేజ్ గరిష్ఠ సైజు డిఫాల్ట్ కూడా 4.0లో 128 నుంచి 16 మెబీబైట్లకు తగ్గింది. మీ దాంట్లో పెద్ద మెసేజ్ ఎంతో ఒకసారి చూడండి.

---

రాత్రిషిఫ్ట్

ఇద్దరికీ దండాలండి. కోడ్ అంతా వెతికాను. 10 స్థాయిల ప్రయారిటీ అన్నారు కదా, నిజంగా పంపుతున్నవి 0, 9 మాత్రమే! ఈ రెండంకెల కోసమా నేను నిద్ర మానుకున్నది.

20 మాట విన్నాక మాత్రం చెమట పట్టింది. 41 క్యూల్లో డెడ్ లెటర్ ఎక్స్ఛేంజ్ ఉన్నవి 6. అన్నిటికీ కలిపి ఒక పాలసీ రాశాను. కొత్త వీహోస్ట్‌కి 38 వెళ్లిపోయాయి. రెండు, కనెక్షన్ ఉన్నంతసేపే బతికే ఎక్స్‌క్లూజివ్ రిప్లై క్యూలు. అవి కోరమ్ కాలేవు, కానక్కర్లేదు కూడా, క్లాసిక్‌గానే వదిలేశాను.

మిగిలింది ఒకటి. ఎవరో అందులో రిపోర్ట్ ఫైల్‌నే మెసేజ్‌గా పెట్టి పంపుతున్నారు, నిన్నటిది 22 మెబీబైట్లు. పరిమితి పెంచమని వాళ్లు, ఫైల్ ఎక్కడైనా పెట్టి లింక్ పంపమని నేను. సోమవారం మీటింగ్ ఉంది.