అమెరికా సైన్యంలో చేరేది పేదవాళ్లేనా? డ్రాఫ్ట్ (నిర్బంధ సైనిక సేవ) మళ్లీ రావాలా?

డల్లాస్ నాన్న:
మా అబ్బాయికి పోయిన నెల పద్దెనిమిదేళ్లు నిండాయి. గ్రీన్ కార్డు ఉంది కాబట్టి సెలెక్టివ్ సర్వీసులో, అంటే అవసరమైతే సైన్యానికి పిలవడానికి ప్రభుత్వం ఉంచుకునే యువకుల జాబితాలో, పేరు నమోదు చేసుకోవాలి (తల్లిదండ్రుల ఉద్యోగ వీసా ఆధారంగా హెచ్4 వీసా మీద ఉన్న పిల్లలకు ఈ నియమం లేదు). డ్రాఫ్ట్ 1973లోనే ఆగిపోయిందని, ఇది ఉత్త పేర్ల చిట్టా అని తెలిసినా, మా ఇంట్లో రెండు రోజులు ఎవరికీ ముద్ద దిగలేదు. అప్పుడు తట్టింది. సంక్రాంతికి మేమంతా కలిసే కుటుంబాల్లో సైన్యంలో ఉన్న పిల్లవాడు ఒక్కడూ లేడు. మరి మన పిల్లల బదులు వెళ్తున్నది ఎవరు? పేదలు, నల్లజాతివాళ్లు. కాలేజీ ఫీజు కడతామని ఆశపెట్టి తీసుకుపోతున్నారు. డ్రాఫ్ట్ తిరిగి పెడితే సెనేటరు కొడుకూ వెళ్లాలి, అప్పుడు యుద్ధాలు వాటంతట అవే తగ్గుతాయి. నా మాట తప్పయితే చెప్పండి.

లెక్కల పంతులు:
సగం తప్పండీ. డ్రాఫ్ట్ ఉన్న రోజుల్లో మాత్రం అందరి బిడ్డలూ వెళ్లారా? వియత్నాం యుద్ధకాలంలో కాలేజీలో చదువుతున్నవాడికి వాయిదా దొరికేది. కాలేజీకి వెళ్లగలిగిన వాళ్లెవరో వేరే చెప్పాలా? అది చాలక 1966లో రక్షణ మంత్రి మెక్‌నమారా ‘లక్షమంది పథకం’ పెట్టి, ప్రవేశ పరీక్షలో తప్పినవాళ్లనూ చేర్చుకున్నారు. అలా చేరినవాళ్లు మూడు లక్షల పైమాటే, అందులో సుమారు 40 శాతం నల్లజాతివాళ్లు. 1965, 66 సంవత్సరాల్లో వియత్నాంలో చనిపోయిన అమెరికన్లలో దాదాపు ఐదో వంతు నల్లజాతివాళ్లే. అప్పటి జనాభాలో వాళ్లు 11 శాతం. గొడవ పెద్దదయ్యాక సర్దుబాట్లు జరిగి, యుద్ధం ముగిసేసరికి మొత్తం మృతుల్లో వాళ్ల వాటా 12.4 శాతం దగ్గర ఆగింది. అందుకే ఈ రెండు అంకెల్లో ఎవరికి నచ్చింది వాళ్లు పట్టుకుని వాదిస్తుంటారు.

ఎవరిని ముందు పిలవాలో తేల్చడానికి 1969 డిసెంబరు 1న పుట్టినరోజుల లాటరీ తీశారు. గాజు జాడీలోంచి మొదట వచ్చిన తేదీ సెప్టెంబరు 14. చూడటానికి ఎంత సమానం! చదువు పేరిట ఇచ్చే వాయిదాలు మాత్రం 1971 దాకా నడిచాయి.

ఇక ఇప్పటి సంగతి. అట్టడుగున ఉన్నవాడిని సైన్యం గుమ్మం దగ్గరే ఆపేస్తోంది. హైస్కూలు పూర్తి కావాలి, పరీక్ష నెగ్గాలి, ఒంట్లో జబ్బు ఉండకూడదు, పోలీసు కేసులు ఉండకూడదు. 17 నుంచి 24 ఏళ్ల వాళ్లలో 77 శాతం మంది మినహాయింపు ఇస్తే తప్ప పనికిరారని 2020లో పెంటగాన్ అధ్యయనమే తేల్చింది. చేరుతున్నవాళ్లలో ఎక్కువమంది మధ్యతరగతి పేటల పిల్లలు. పైన ఉన్నవాళ్లు రావడం లేదన్న మాట నిజమే. కిందివాళ్లే వస్తున్నారన్నది మాత్రం పాత ముచ్చట.

నార్త్ కరోలినా అమ్మ:
ఒక్కడూ లేడంటున్నారు, మా వాడు ఆర్మీలో ఉన్నాడు నాన్నగారూ. సంక్రాంతికి మేమూ వచ్చేవాళ్లమే, “అయ్యో, చదువు అబ్బలేదా?” అన్న పరామర్శలు భరించలేక మానేశాం.

వాడి సార్జెంటు నల్లజాతి మనిషి. తాతా తండ్రీ అందరూ సైనికులే. ఆశపెట్టి తీసుకుపోయారని ఆయన ముందు అనగలరా? 1948లో అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తర్వుతో సైన్యంలో జాతివివక్ష చెల్లదన్నారు, బడుల విషయంలో సుప్రీంకోర్టు ఆ మాట అనడానికి 1954 దాకా పట్టింది. వాళ్లకు ఇది గౌరవం దొరికిన చోటు. ఆర్మీలో వాళ్ల వాటా జనాభాలో వాటా కన్నా ఎక్కువన్నది నిజమే. కానీ సరఫరా, వైద్యం, ఆఫీసు పనుల్లో ఎక్కువగా ఉంటారు. ఇరాక్‌లో చనిపోయిన అమెరికా సైనికుల్లో నల్లజాతివాళ్లు సుమారు 10 శాతమే. నన్నడిగితే అన్యాయం పైమెట్ల దగ్గర ఉంది. ఒక సైనిక విభాగానికి నల్లజాతి అధిపతి రావడానికి 2020 దాకా ఆగాల్సి వచ్చింది, వైమానిక దళానికి చార్లెస్ బ్రౌన్.

గోదారి గట్టు:
మాకు దగ్గర్లో తాడేపల్లిగూడెం పక్కన మాధవరం ఉంది, మిలటరీ మాధవరం అంటారు. తరతరాలుగా అక్కడి ఇళ్ల నుంచి సైన్యానికి వెళ్తూనే ఉన్నారు. పేదరికమే కారణమైతే చుట్టుపక్కల ఊళ్లేమైనా కలిగినవా? తాత యూనిఫాం చూసి పెరిగిన పిల్లవాడికి ఆ దారి కొత్తగా అనిపించదు. అమెరికాలోనూ సైనిక కుటుంబాల పిల్లలే ఎక్కువగా చేరుతుంటారని చదివాను.

డల్లాస్ నాన్న:
అమ్మగారూ, ఆ పరామర్శలకు మా అందరి తరఫున క్షమించండి. పేదల గురించి నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. డ్రాఫ్ట్ మాట తీసుకోను. కొరియా యుద్ధంలో గాయపడిన న్యూయార్క్ హార్లెం ప్రాంతపు కాంగ్రెస్ ప్రతినిధి చార్లెస్ రాంగెల్ 2003లో డ్రాఫ్ట్ తిరిగి తేవాలని బిల్లు పెట్టి ఇదే అడిగారు: నిర్ణయించేవాళ్ల పిల్లలు వెళ్లాల్సి వస్తే ఇరాక్ మీదికి ఇంత తొందరగా పోతారా అని.

లెక్కల పంతులు:
2004 అక్టోబరులో ఆ బిల్లు 402–2 తేడాతో ఓడింది. అది కూడా చెప్పండి. రాంగెల్ స్వయంగా వ్యతిరేకంగా ఓటు వేశారు!

డల్లాస్ నాన్న:
చర్చ లేకుండా, ఎన్నికల ముందు తూతూమంత్రంగా ఓటింగుకు పెట్టారనే కోపంతో వేశారాయన.

నార్త్ కరోలినా అమ్మ:
ఇంతకీ మీ అబ్బాయి ఏమంటున్నాడు?

డల్లాస్ నాన్న:
అడగలేదండీ. వివరాలన్నీ నేనే నింపాను, వాడు సంతకం పెట్టాడు.