టీఎల్‌వీ కంచు అద్దం: వెనకున్నది ఆట పలకా, లోకపటమా?

కంచుగంట: నా దగ్గర హాన్ రాజవంశ కాలపు (సుమారు రెండువేల ఏళ్ల కిందటి) చైనా కంచు అద్దం ఒకటుంది. వెనక మధ్యలో తాడు దూర్చే బొడిపె, చుట్టూ చతురస్రం, ఆ పైన టీ, ఎల్, వీ అక్షరాల్లాంటి గుర్తులు. పక్కన చిన్న కార్డు రాసిపెట్టాలి. 'లియూబో ఆట పలక' (లియూబో అంటే పాతకాలపు చైనా పలక ఆట) అని రాయాలా, 'లోకపటం' అని రాయాలా?

దక్షిణపక్షి: లోకపటమే. చతురస్రం భూమి, గుండ్రటి అంచు ఆకాశం. తూర్పున నీలి డ్రాగన్, పడమట తెల్లపులి, దక్షిణాన ఎర్రపక్షి, ఉత్తరాన పాము చుట్టుకున్న తాబేలు ఉంటాయి. చాలావాటిలో చతురస్రం లోపల దిక్కుల్ని, కాలాన్ని చెప్పే పన్నెండు అక్షరాలు కూడా ఉంటాయి. ఆడుకునే పలకకి ఇవన్నీ ఎందుకండీ?

పాతలిపి: నేను ఒప్పుకోను. ఆ గుర్తులు ముందు ఆటవే. చాంగ్‌షా దగ్గర మావాంగ్‌దుయ్ మూడో సమాధిలో 1973లో లియూబో పెట్టె దొరికింది. క్రీ.పూ. 168 నాటి సమాధి అది. ఆ పలక మీద ఇవే గుర్తులున్నాయి. టీఎల్‌వీ అన్న పేరు పాశ్చాత్య పండితులు పెట్టింది, అద్దం పోతపోసినవాళ్లకి ఆ అక్షరాలే తెలియవు. వాళ్లేమన్నారో ఒక అద్దం మీద రాసే ఉంది: లియూబో పలక చెక్కాం, కీడు తొలగాలి అని. ఆ రాత 1980లలో అచ్చులోకి వచ్చాక చైనాలో వీటిని ఆటపలక అద్దాలనే అంటున్నారు.

దక్షిణపక్షి: 'కీడు తొలగాలి' అన్నారు కదా, నేను చెప్పేదీ అదే. కాలక్షేపం ఆటతో కీడు ఎలా తొలగుతుంది?

పాతలిపి: అది కాలక్షేపానికే పుట్టిందని మనం అనుకుంటున్నాం, చిక్కంతా అక్కడే ఉంది. 1993లో జియాంగ్సూ రాష్ట్రం యిన్‌వాన్‌లో ఒక సమాధి తవ్వితే చెక్క పలక దొరికింది. ఇవే గీతలు, వాటి వెంబడి చైనా పంచాంగంలోని అరవై రోజుల చక్రంలో ఒక్కో రోజు పేరు. ఈ రోజు ఏ గీత మీద పడిందో చూసి పెళ్లి, ప్రయాణం మంచిదా కాదా అని చెప్పేవాళ్లు. అంటే ఆ పలక మీదే శకునమూ చూశారు. దిక్కుల జంతువులున్నాయన్న మీ మాట కాదనను. కానీ కార్డు మీద పేరు మాత్రం చేసినవాళ్లు పెట్టిందే ఉండాలి.

కంచుగంట: ఇద్దరికీ థాంక్స్. రాత్రి భూతద్దం పెట్టి అంచు వెంబడి రాతని మళ్లీ చూశాను. చిలుము కింద సగం పోయినా, పుస్తకంలో ఉన్న పాఠంతో పోల్చుకుంటే కుదిరింది: 'పైన ముసలితనం ఎరగని అమరులు, దాహమైతే జేడ్ ఊట నీళ్లు తాగుతారు, ఆకలైతే రేగుపళ్లు తింటారు.' కార్డు మీద 'లియూబో పలక గుర్తుల అద్దం' అని రాసి, కింద ఈ వాక్యం పెడుతున్నాను. చిలుము తోమను.