క్లైమేట్ ఫైనాన్స్‌ను ‘సాయం’ అనొచ్చా?

ప్రశ్న (ఒంగోలు): బొగ్గు కరెంటు తగ్గించుకునే దేశాలకు ధనిక దేశాలు ఇస్తామన్న డబ్బును ‘వాతావరణ ఆర్థిక సాయం’ అని రాయొచ్చా? డిగ్రీ పిల్లలకు పాఠం తయారుచేస్తున్నాను.

జవాబు (నెల్లూరు): వద్దు మాస్టారూ. సాయమంటే తిరిగి ఇవ్వక్కర్లేదనే పిల్లలు అనుకుంటారు. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో ధనిక దేశాలు దక్షిణాఫ్రికాకు 850 కోట్ల డాలర్లు ప్రకటించారు. అందులో గ్రాంటు, అంటే తిరిగి ఇవ్వక్కర్లేని డబ్బు, నూటికి సుమారు 4 మాత్రమే, మిగతాదాంట్లో ఎక్కువ భాగం అప్పే. మరుసటి ఏడాది ఇండోనేషియాకు 2,000 కోట్లు, వియత్నాంకు 1,550 కోట్ల డాలర్లు అన్నారు. అక్కడా సగం ప్రైవేటు బ్యాంకుల పెట్టుబడే. 2025 మార్చిలో అమెరికా ఈ మూడు ఒప్పందాల నుంచీ తప్పుకుంది. ‘వాతావరణ నిధులు’ అని రాసి, ఎంత గ్రాంటో ఎంత అప్పో పక్కనే చెప్పండి. వడ్డీ కట్టేవాళ్లకు ఆ మాత్రం న్యాయం చెయ్యాలి.

ఒంగోలు: తక్కువ వడ్డీయే కదా, ‘చేబదులు’ అంటే?

నెల్లూరు: చేబదులుకు వడ్డీ ఉండదు, కాగితమూ ఉండదు. ఇవి పరాయి కరెన్సీలో తీర్చాల్సిన బాకీలు. సొంత కరెన్సీ విలువ పడిపోతే బరువు పెరుగుతుంది. అప్పును అప్పనే అందాం.

ముత్తుకూరు నుంచి: నాదో మాట. బొగ్గు మానేటప్పుడు దాని మీద బతికేవాళ్లు నష్టపోకుండా చూడడాన్ని జస్ట్ ట్రాన్సిషన్ అంటారు. దాన్ని ‘న్యాయమైన పరివర్తన’ అంటే మా ఊళ్లో ఎవరికీ ఎక్కదు. ‘పనివాళ్లకు అన్యాయం జరగని మార్పు’ అంటే వెంటనే తెలుస్తుంది, పొడుగైనా సరే. 2022 అక్టోబరులో మా నేలటూరు థర్మల్‌లో 800 మెగావాట్ల మూడో యూనిట్‌ను జాతికి అంకితం చేశారు. అదే నెలాఖరున దక్షిణాఫ్రికాలో కొమాటి బొగ్గు కరెంటు కేంద్రం ఆఖరి యూనిట్ ఆపేశారు. పైన చెప్పిన మూడు దేశాల్లాంటి ఒప్పందం మన దేశానికి లేదు, మాకు మూత మాట ఇంకా రాలేదు. అయినా కొమాటిలో ఏం జరిగిందో పిల్లలకు చెప్పండి. పర్మనెంటు ఉద్యోగులను వేరే చోట్ల సర్దారు. దెబ్బ తగిలింది కాంట్రాక్టు కూలీలకు, ఆ ఊరి చిన్న వ్యాపారాలకు. కాబట్టి పాఠంలో ‘పనివాళ్లు’ అని ఊరుకోకుండా బూడిద లారీ డ్రైవర్నీ, గేటు ముందు టిఫిన్ బండి ఆమెనీ పేరుపెట్టి రాయండి సార్.