జెల్‌కోట్ అచ్చు అడుగున మాత్రమే ముడతలు పడుతోంది, ఎందుకు?

కాకినాడలో మా పెరటి షెడ్డులో జెట్ స్కీకి ఫైబర్ హల్ (నీటిలో తేలే అడుగు భాగం) తయారు చేస్తున్నాను. నిలబడి నడిపే రకం. అచ్చు 2.3 మీటర్ల పొడవు, అడుగున్నర లోతు, తొట్టిలా ఉంటుంది.

మర్నాడు అచ్చులోంచి తీస్తే పక్కగోడలు అద్దంలా వస్తున్నాయి. కీల్ (అడుగున మధ్యలో పొడవునా వెళ్లే గీత) వెంబడి, అటూ ఇటూ జానెడు మేర మాత్రం కాగిన పాల మీద మీగడ ముడుచుకున్నట్టు ఉంది. రెండుసార్లు ఇదే వరస.

జెల్‌కోట్ (అచ్చులో మొదట వేసే, బయటికి కనిపించే రంగు పూత) బ్రష్‌తో వేశాను, తడి మందం 0.5 మి.మీ. (గేజ్ పక్కగోడల మీదే పెట్టాను, అడుగున చూడలేదు. ఆ తప్పు నాదే.) ఎంఈకేపీ (గట్టిపడేందుకు కలిపే హార్డెనర్) 1.5 శాతం, తూకం వేసే కలిపాను. షెడ్డులో 30 డిగ్రీలు. 3 గంటలయ్యాక, ముట్టుకుంటే జిగటగా ఉండి వేలికి రంగు అంటనప్పుడు, చదరపు మీటరుకు 300 గ్రాముల గాజు పీచు మ్యాట్, పాలిస్టర్ రెజిన్ వేశాను.

రెండోసారి ఎంఈకేపీ 2 శాతానికి పెంచి, 5 గంటలు ఆగాను. ముడతలు కాస్త తగ్గాయి, పోలేదు. అదే డబ్బాలోని జెల్‌కోట్‌ను గాజు పలక మీద వేసి మ్యాట్ అంటిస్తే ఒక్క ముడతా లేదు. కాబట్టి సరుకు మీద నాకు అనుమానం లేదు.

జెల్‌కోట్‌లోంచి లేచే స్టైరీన్ ఆవిరి గాలికన్నా బరువు కదా, అడుగున నిలిచిపోయి అక్కడ జెల్‌కోట్‌ను గట్టిపడనివ్వడం లేదేమో అనిపిస్తోంది. ఫ్యాన్ గుమ్మం దగ్గరే ఉంది. మూడోసారి సరుకు పాడుచేసే ముందు అడుగుతున్నాను: ఇలా అడుగున మాత్రమే ముడతలు వచ్చినవాళ్లకు ఏం మారిస్తే తగ్గింది?