యూరోవిజన్ యంగ్ మ్యుజీషియన్స్‌కి పాప సిద్ధమవుతోంది, ఆర్కెస్ట్రాతో వాయించినవాళ్ళు కాస్త చెప్పండి

మేం యూరప్‌లో ఉంటున్నాం. మా అమ్మాయికి పదిహేనేళ్ళు, వయోలిన్ వాయిస్తుంది. రెండేళ్ళకోసారి టీవీలో వచ్చే యూరోవిజన్ యంగ్ మ్యుజీషియన్స్ అనే పాశ్చాత్య శాస్త్రీయ సంగీత పోటీకి ఇక్కడి జాతీయ ఎంపికలో ప్రయత్నిద్దామంటోంది. 1982లో మాంచెస్టర్‌లో మొదలైన పోటీ ఇది. 1996లో జూలియా ఫిషర్ గెలిచింది కూడా వయోలిన్‌తోనేనని తెలిసినప్పటి నుంచి ఇంట్లో వేరే మాట లేదు.

దేశానికి ఒక్కరే వెళ్తారు, అది సరే. నా టెన్షన్ వేరే. ఫైనల్లో పూర్తి ఆర్కెస్ట్రాతో వాయించాలి. మా పాప ఇంతవరకూ పియానో తోడుతోనే వాయించింది. ఎంచుకున్నది మెండెల్సన్ రాసిన ఇ-మైనర్ వయోలిన్ కాన్సర్టో (సోలో వయోలిన్, ఆర్కెస్ట్రా కలిసి వాయించే రచన) మొదటి భాగం. అందులో కెడెన్జా (ఆర్కెస్ట్రా ఆగి వయోలిన్ ఒక్కటే వాయించే చోటు) చివర బో (కమాను) తీగల మీద ఎగిరెగిరి పడుతుంటే, ఆ ఆర్పెజియోలు (ఒకదాని వెంట ఒకటిగా పలికే కార్డ్ స్వరాలు) ఆగకుండానే ఆర్కెస్ట్రా అసలు రాగం ఎత్తుకుంటుంది. సరిగ్గా అక్కడే పాప వేగం పెంచేస్తోంది. ఫోన్లో ఆర్కెస్ట్రా రికార్డింగ్ ట్రాక్ పెట్టి సాధన చేయిస్తే, ట్రాక్ దాని దారిన అది పోతోంది. ట్రాక్ మనిషి కోసం ఆగదు కదా!

స్టేజి మీద వాయించిన అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి: అలాంటి చోట కండక్టర్‌ని చూడాలా, చెవినే నమ్ముకోవాలా? వెనక వరసల వాద్యాలు ఆలస్యంగా వినిపిస్తాయంటారు, దానికి ఎలా అలవాటు పడ్డారు? ఊళ్ళలో ఉండే అమెచ్యూర్ ఆర్కెస్ట్రాలని ఒక్క రిహార్సల్ అడిగితే ఒప్పుకుంటారా?

ఇంకొకటి, పౌరసత్వం లేకుండా నివాస అనుమతితో ఎంపికకి వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉన్నారాండీ?