"క మతె, క ఒర": హాకా పాదానికి తెలుగు ఎలా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. న్యూజిలాండ్ రగ్బీ జట్టు ఆల్ బ్లాక్స్ ఆట ముందు చేసే హాకా (అక్కడి మూలవాసులైన మావోరీల పాట, నృత్యం) మీద మా స్కూల్ పత్రికకి ఒక పేజీ రాస్తున్నాను. మొదటి పాదం "క మతె, క మతె! క ఒర, క ఒర!" నాకు దొరికిన తెలుగులో "చావు, చావు! బతుకు, బతుకు!" అని ఉంది. చదివిన పిల్లలు "అవతలి జట్టుని చావమంటున్నారా మేడమ్?" అని అడిగారు. ఏం రాయమంటారు?

జవాబు: పిల్లలు సరిగ్గానే పట్టుకున్నారండి. మనకి "చావు" అంటే మరణమూ అవుతుంది, చావమనే ఆజ్ఞా అవుతుంది. పైగా తొడ చరిచి మరీ అంటే తెలుగువాడికి అది సవాలు తప్ప ఇంకేమీ కాదు. కానీ ఈ పాటలో శత్రువుని ఉద్దేశించిన మాట ఒక్కటీ లేదు. 1820 ప్రాంతంలో తె రౌపరహ అనే మావోరీ నాయకుడు కట్టాడు. శత్రువులు తరుముతుంటే, చిలగడదుంపలు దాచుకునే గోతిలో దాక్కున్నాడు. దాచింది తె ఫరెరఙి అనే మరో నాయకుడు. ఆయన భార్య ఆ గోతి మీద కూర్చుందట. వెతికేవాళ్ళ అలికిడి దగ్గరైనప్పుడు "అయిపోయాను", దూరమైనప్పుడు "బతికాను" అనుకున్న మనిషి మాటలివి. పైకొచ్చాక ఎగిరి చిందులేశాడు.

ఇంకొకరు: అయితే "చావో రేవో" అని పెట్టేయండి. అచ్చమైన నుడికారం.

జవాబు: వద్దండి. చావో రేవో అన్నది తెగించి దూకేవాడి మాట. ఇక్కడున్నవాడు గోతిలో ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు, తెగింపు ఎక్కడిది?

మావోరీలో "క" అన్నది క్రియ ముందు వచ్చే చిన్న మాట. కొత్త స్థితిలోకి వచ్చినట్టు చెబుతుంది. భూతమా భవిష్యత్తా అన్నది సందర్భమే తేల్చాలి. మనకలాంటి ప్రత్యయం లేదు కానీ వాడుక ఉంది. బస్సుకి బ్రేకులు పడకపోతే "చచ్చాం రా!" అంటాం. ఇంకా చావలేదు, అయినా భూతకాలమే. గండం గడిస్తే "బతికాం రా!" కాబట్టి నా ఓటు "చచ్చా, చచ్చా! బతికా, బతికా!"కే.

న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ నుంచి ఒకరు: బాగుంది అన్నా. "మతె"కి చావొక్కటే అర్థం కాదు. జబ్బు పడటం, ఓడిపోవడం కూడా. "మతెవయి" అంటే దాహం వేయడం, "వయి" అంటే నీళ్ళు. మనం "దాహంతో చస్తున్నా" అనమూ? "ఒర" అంటే బతుకు, ఆరోగ్యం. ఇక్కడ రోజూ వినే పలకరింపు "కియ ఒర"లో ఉన్నదదే.

ఉచ్చారణ మనకి భలే సులువు. మాటలన్నీ అచ్చుతోనే ముగుస్తాయి, ఎ-ఏ, ఒ-ఓ తేడా ఉంది. "మనిషి"కి వాళ్ళ మాట "తఙత". వర్ణమాలలో ఊరికే కూర్చున్న మన ఙకి ఇన్నాళ్ళకి పని దొరికింది! తె రౌపరహ తెగ పేరు "ఙాతి తోవా". మన జ్ఞాతితో చుట్టరికం కలపకండి, పోలిక కాకతాళీయమే.

మరొకరు: కబడ్డీలో కూడా అంతే కదా? దొరికినవాడు "చచ్చాడు", అవతలివాణ్ణి కొడితే మనవాడు "బతికాడు". పిల్లలకి ఇదొక్కటి చెప్తే చాలు, ఇట్టే పట్టుకుంటారు. అన్నట్టు హాకా అంటే యుద్ధ నృత్యమేనా?

ఆక్లండ్ నుంచి: అన్నీ కాదు. పెళ్ళిలో, అంత్యక్రియల్లో, అతిథి వచ్చినప్పుడూ చేస్తారు, ఆడవాళ్ళూ చేస్తారు. ఆయుధాలతో చేసే యుద్ధపు రకం "పెరుపెరు". "క మతె" ఆయుధాలు పట్టని రకం. 1905లో ఆల్ బ్లాక్స్ కార్డిఫ్‌లో ఇది చేస్తే, వేల్స్ జట్టూ జనమూ తమ భాషలో జాతీయ గీతం పాడి బదులిచ్చారు. ఆట కూడా 3–0తో వాళ్ళే గెలిచారు.

భాష సంగతే చెప్పాలంటే నాకు 1999 ముఖ్యం. రగ్బీ ప్రపంచ కప్‌లో ఇంగ్లండ్‌తో ఆటకి ముందు గాయని హినెవెహి మొహి న్యూజిలాండ్ గీతాన్ని మావోరీలో మాత్రమే పాడితే సొంత దేశంవాళ్ళే గొడవ చేశారు. హాకాకి ఈలలు వేసినవాళ్ళకే ఆ భాషలో పాట నచ్చలేదు! మావోరీ అప్పటికి పన్నెండేళ్ళుగా అధికార భాష. ఆ రగడ తర్వాతే రెండు భాషల్లో పాడటం మామూలైంది.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్స్ అండీ. తర్వాతి పాదంలో "తఙత పూహురుహురు" ఉంది. "బొచ్చు మనిషి" అని రాస్తే హెడ్‌మాస్టర్ గారు ఒప్పుకోరు. "రోమశుడు" అంటే పిల్లలకి అర్థం కాదు.

జవాబు: "ఒళ్ళంతా వెంట్రుకలున్న మనిషి" చాలు మేడమ్. దాచి కాపాడిన తె ఫరెరఙియే ఆ మనిషి అని ఎక్కువమంది చెబుతారు. ఆ పాదంలోనే "ఫకఫితి తె రా" ఉంది. "రా" సూర్యుడు, "ఫితి" వెలగడం, ముందున్న "ఫక" మన "-ఇంచు" చేసే పనే చేస్తుంది. "సూర్యుణ్ణి మళ్ళీ వెలిగించాడు" అనండి. చీకటి గోతిలోంచి బయటపడ్డవాడు అలాగే అంటాడు. "ఆ ఉపనె, క ఉపనె" దగ్గర "ఒక మెట్టు, ఇంకో మెట్టు" అనొచ్చు.

ఆక్లండ్ నుంచి: అచ్చు వేసేటప్పుడు కింద "కట్టినది తె రౌపరహ, ఙాతి తోవా తెగ నాయకుడు" అని ఒక లైను వేయండి మేడమ్. ఇక్కడ 2014లో దీనికోసం చట్టమే తెచ్చారు. పాటని వ్యాపారానికి వాడుకుంటే ఆ పేర్లు చెప్పి తీరాలి. స్కూల్ పత్రికని ఎవరూ అడగరనుకోండి, అయినా వేయండి.