టవర్ స్పీకర్లకు, సబ్‌వూఫర్‌కు స్పైకులు వెయ్యాల్నా? మేడ మీద ఇల్లు, టైల్స్ నేల

నల్లగొండ హాలు
అన్నలకు నమస్తే. ఇల్లు నల్లగొండల, మొదటి అంతస్తు. హాలు 14 బై 12 అడుగులు, ఎత్తు 10. విట్రిఫైడ్ టైల్స్, ముందు సగం పల్చటి తివాచీ. టవర్లు ఒక్కోటి 22 కిలోలు. అడుగున నాలుగు మర రంధ్రాలు ఉన్నయి గానీ, వాటిల తిప్పే స్పైకులు (మొనదేలిన ఇనుప కాళ్లు) అట్టపెట్టెల రాలేదు. సబ్ (బేస్ ఒక్కటే వాయించే సబ్‌వూఫర్) 10 అంగుళాలది, 18 కిలోలు, ముందుకు కొట్టే రకం, చిన్న రబ్బరు కాళ్లు.

ఇబ్బంది రెండు రకాలు. కొన్ని పాటలల్ల ఒక్క స్వరం దగ్గరనే బేస్ ఉబ్బి మిగతాదంతా మింగేస్తది. కింద కిరాయికున్నోళ్లకు పైకప్పు దడదడలాడుతుందట. అన్నింటికీ స్పైకులు వేస్తే రెండూ పోతయని దుకాణంల చెప్పిన్రు. నిజమేనా? వేస్తే ఏ సైజు, ఎట్ల?

పాలమూరు సౌండ్
తమ్మీ, ఈ రెండింటికీ మూలం ఒకటి కాదు. ఉబ్బే బేస్ గది లెక్క. ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు, మీ హాలు పొడవు 4.27 మీటర్లు. 343ని పొడవుకు రెట్టింపుతో భాగిస్తే 40 హెర్ట్జ్, అంటే సెకనుకు 40 కంపనాలు. 12 అడుగుల వైపు 47, ఎత్తు వైపు 56. నీకు ఉబ్బే స్వరం వీటిల్నే ఒకటి అయ్యుంటది. అది గోడల నడుమ గాలిల పుట్టేది కాబట్టి డబ్బా కింద ఇత్తడి పెట్టినా బంగారం పెట్టినా పోదు. సబ్‌ను మూల నుంచి జరపాలె. నువ్వు కూసునే సోఫా మీద సబ్ పెట్టి, బేస్ గీత నిలకడగ నడిచే పాట వేసి, గోడ పొంటి చెవి కిందికి పెట్టి తిరుగు. ఏడ అన్ని స్వరాలు సమంగ వినబడితే సబ్ చోటు అదే. క్రాసోవర్ (ఎన్ని హెర్ట్జ్ కింది బేస్ సబ్‌కు పోవాల్నో పెట్టే బటన్) 80 దగ్గర ఉంచి, ఫేజ్ స్విచ్ (సబ్ కోన్ కదలికను టవర్లకు ఎదురుగ తిప్పేది) అటూ ఇటూ వేసి చూడు.

టవర్లకు స్పైకులు వెయ్యి. అయితే అవి చేసే పని డబ్బా ఊగకుండ నిలబెట్టుడే, బేస్ పుట్టించవు. ఉత్త మొన టైలు మీద పెట్టకు. 22 కిలోలు నాలుగు మొనల మీద పడితే ఒక్కోదానికి 5.5 కిలోలు. మొన వైశాల్యం 1 చదరపు మిల్లీమీటరు అనుకున్నా చదరపు సెంటీమీటరుకు 550 కిలోల ఒత్తిడి. కింద సిమెంటు నిండని టైలు అయితే పగులు దీస్తది. స్పైకు పెట్టే చోట టైలును నాణెంతో తట్టి చూడు, డొల్లగ మోగితే ఆ చోటు వదిలెయ్యి.

మొన కింద నడుమ గుంట ఉన్న ఇత్తడి గిన్నె కావాలె, 25 మిల్లీమీటర్ల వెడల్పు చాలు. దానికి బదులు వాషర్ పెట్టేటోళ్లు ఉంటరు, పని చెయ్యదు. 5.3 మిల్లీమీటర్ల రంధ్రంల 60 డిగ్రీల మొన దాదాపు 4.6 మిల్లీమీటర్లు దిగుతది, వాషర్ మందమేమో 1. మొన మళ్లా టైలునే తాకుతది. రూపాయి బిళ్ల మీద గుంట ఉండదు, డబ్బా జారుతది.

తివాచీ మీద రెండు కాళ్లు, టైలు మీద రెండు కాళ్లు మాత్రం పెట్టొద్దు. తివాచీ మడిచి నాలుగూ టైలు మీదనే ఉంచు.

కోదాడ బేస్
సబ్‌కు కూడా స్పైకులే మంచివి. కంపనం డబ్బా నుంచి కిందికి పోతుంది గానీ తిరిగి పైకి రాదు. మొన ఒకే దిక్కుకు పంపిస్తుంది, కరెంటును ఒక్క వైపుకే పోనిచ్చే డయోడ్ మాదిరి.

పాలమూరు సౌండ్
అన్నా, గట్టి ఇనుము ఎటు నుంచి నొక్కినా బలాన్ని ఒక్క తీరుగనే పంపుతది, దిక్కు చూడదు. నల్లగొండ తమ్ముని బాధే కంపనం కిందికి పోవుడు. స్పైకు వేస్తే సబ్‌ను స్లాబుకు ఇంకా గట్టిగ కట్టినట్టు.

సబ్ కింద మెత్తటి ప్యాడ్లు కావాలె. అందుల గూడ లెక్క ఉంది. డబ్బా బరువుకు ప్యాడ్ ఎన్ని మిల్లీమీటర్లు కుంగుతదో చూసి, దాని వర్గమూలంతో 15.8ని భాగిస్తే ఆ ప్యాడ్ సహజంగ ఊగే హెర్ట్జ్ వస్తది. దానికి 1.4 రెట్ల పైన మాత్రమే అది కంపనాన్ని ఆపుతది. 1 మిల్లీమీటరు కుంగితే 16 హెర్ట్జ్, అంటే 22 పైన పని చేస్తది. గట్టి రబ్బరు 0.2 మాత్రమే కుంగితే 35 హెర్ట్జ్. సబ్ వాయించేదే ఆడ, ఆపేది పోయి ఇంకా పెంచుతది. నిజానికి రబ్బరు కంపనంల ఉన్నప్పుడు ఇంకొంచెం గట్టిగ ప్రవర్తిస్తది, అందుకే 1 కన్న ఎక్కువ కుంగేదే తీసుకో. టైరు ముక్కలు, వాషింగ్ మెషిన్ కింది బిళ్లలు అందుకే పనికి రావు. సార్బోథేన్ (కంపనాన్ని మింగే మెత్తటి రబ్బరు లాంటిది) తీసుకుంటే బరువుకు తగ్గది చూడు, మందంల 10 నుంచి 20 శాతం నొక్కుకుపోవాలె. మరీ మెత్తగుంటే పక్కకు ఉబ్బి అణిగిపోతది, మరీ గట్టిగుంటే ఉన్నా లేనట్టే.

గ్రానైట్ కోసే దుకాణంల మిగిలిన ముక్క అడుగు. 20 మిల్లీమీటర్ల మందం, అడుగున్నర బై అడుగున్నర అయితే దాదాపు 11 కిలోలు. ప్యాడ్లు కింద, బండ పైన, దాని మీద సబ్. బరువు పెరిగి ప్యాడ్లు ఎక్కువ కుంగుతయి, కోన్ (సబ్ ముందు ఊగే గరాటు) ముందుకూ వెనక్కూ కొట్టేటప్పుడు డబ్బా తక్కువ కదులుతది. ప్యాడ్లు మాత్రం 29 కిలోల లెక్కన కొను. రబ్బరు నూనె పాలిష్ రాయికి మరక పెడతది, నడుమ పల్చటి ప్లాస్టిక్ షీటు వెయ్యి.

ఇదంతా డబ్బా కాళ్ల గుండ పోయే కంపనానికే. గాలిల పోయే 40 హెర్ట్జ్ స్లాబు దాటి పోతనే ఉంటది. రాత్రి పది దాటితే సబ్ గెయిన్ (సబ్ సౌండు బటన్) తగ్గించుడే మార్గం.

సూర్యాపేట నట్టుబోల్టు
కొలత సంగతి నేను చెప్తా. చాలా టవర్లకు ఎం6 లేదా ఎం8 ఉంటుంది, అంటే 6 లేదా 8 మిల్లీమీటర్ల లావు బోల్టు పట్టే మర. మరకూ మరకూ దూరం ఎం6కు 1 మిల్లీమీటరు, ఎం8కు 1.25. స్పైకులు కొనే ముందు రెండు సైజుల బోల్టులు తెచ్చి వేళ్లతోనే తిప్పి చూడండి, ఐదు చుట్లు తేలికగా దిగాలి. పానా పట్టొద్దు. లోపల పళ్లున్న టీ-నట్టు (చెక్కలో దిగగొట్టే నట్టు) కొట్టి ఉంటే, బలవంతపెట్టినప్పుడు అది ఊడి డబ్బాలో పడుతుంది. తర్వాత ప్రతి బేస్ దెబ్బకూ గలగలమంటుంది, రంధ్రంలోంచి గాలి కూడా కారుతుంది. లోతును అగ్గిపుల్లతో కొలిచి, స్పైకు మర అంతకంటే 2 మిల్లీమీటర్లు పొట్టిగా ఉండేది తీసుకోండి.

ప్రతి స్పైకుకూ లాక్ నట్టు (స్పైకు వదులు కాకుండా బిగించే నట్టు) తప్పనిసరి. డబ్బాను దుప్పటి మీద పక్కకు పడుకోబెట్టి బిగించండి. ముందు నాలుగూ ఒకే ఎత్తుకు తిప్పి, నిలబెట్టి, పైన రసమట్టం పెట్టి, ఊగే మూలను సరిచేసి, ఆఖరుకు లాక్ నట్లు బిగించండి. నట్టు బిగించేటప్పుడు స్పైకు కూడా తిరిగి మట్టం మారుతుంది, రెండో పానాతో స్పైకును పట్టుకోవాలి.

నల్లగొండ హాలు
చాలా థాంక్స్ అన్నలు. ఎం8 బోల్టు మూడు చుట్లు దిగి ఆగిపోతుంది. ఎం6 వదులుగ ఊగుతుంది.

సూర్యాపేట నట్టుబోల్టు
అయితే అది మిల్లీమీటర్ల మర కాకపోవచ్చు, 5/16 అంగుళం, అంగుళానికి 18 మరలది అయ్యుండొచ్చు. 7.94 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి ఎం8 మొదట దిగినట్టే దిగి పట్టేస్తుంది. ఇంకో చుట్టు కూడా తిప్పకండి. 5/16 బోల్టు తీసుకెళ్లి సరిచూసుకుని, ఆ కొలత స్పైకులే అడగండి.

దేవరకొండ రేడియో
మాది కింది ఇల్లు, ఇసుక మీద పరిచిన షాబాద్ బండలు. టవర్లు కొంచెం ఊగుతయి. గిన్నెలు నాకూ కావాల్నా?

పాలమూరు సౌండ్
మీకు కింద మట్టి, మోగే స్లాబు లేదు, పక్కింటికి పోయేదీ తక్కువ. సబ్ ఉంటే ఉన్న రబ్బరు కాళ్లు చాలు. షాబాద్ బండ మెత్తన, మొన గీత పెడతది, గిన్నె వెయ్యాలె. ముందు చూడాల్సింది బండనే: దాని నాలుగు మూలల మీద కాలు పెట్టి తొక్కండి. బండే ఊగుతుంటే ఎన్ని స్పైకులు తిప్పినా మట్టం నిలవదు. లేపి కింద ఇసుక, సిమెంటు కూరి కూసోబెట్టిన తర్వాతనే డబ్బా పెట్టండి. ఒక్క డబ్బా రెండు బండల మీద పడకుండ చూస్కోండి. ఇంకో మాట, పాట వేసినప్పుడు గలగల వస్తే స్పీకరును తిట్టేకన్న ముందు బీరువా తలుపు, షోకేసు అద్దం, అటక మీది స్టీలు గిన్నెలు చేత్తో పట్టి చూడండి. ఫోన్లో 30 నుంచి 100 హెర్ట్జ్ దాకా మెల్లగ పెరిగే టోన్ వేస్తే ఏది ఏడ మోగుతుందో దొరుకుతది.